ఏరియేటర్లు ఆపిన కాసేపు

అల్లూరు దగ్గర ఓ చిన్న రేడియో కేంద్రం కోసం మనుషుల్ని మాట్లాడించడం అబిగయీలు పని. చర్చిలో అందరి ముందూ వణక్కుండా సాక్ష్యం చెప్పే ఆమెకు, మైకు పట్టుకుంటే మాత్రం ఈనాటికీ అరచేతులు చెమరుస్తాయి. పైకి తెలియనివ్వదు. నవ్వుతూ ఒక ప్రశ్న వేసి ఊరుకుంటుంది. మధ్యలో అడ్డుపడకపోవడమే ఆమె విద్య.

ఆ రోజు రొయ్యల గుంట గట్టుమీద రైతు జయరామయ్య ఎదురుగా కూర్చుంది. నీళ్లను చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్ల మోతలో మాట వినబడలేదు.

"కాసేపు ఆపుతారా అన్నా?"

"నీ కోసరం ఆపుతాలే మా," అని ఆయన స్విచ్చి కట్టేశాడు.

పోయినేడు జబ్బు తగిలి పంటంతా చచ్చిన సంగతి మొదలుపెట్టాడు. ఎవరికీ చెప్పుకోలేదేమో, కళ్లు మూసుకుని చెబుతూనే ఉన్నాడు. పైన మబ్బు, ఆకు కదలడం లేదు. అబిగయీలు నీళ్లవైపు చూసింది. ఒక మూల రొయ్య మీసం కనబడింది. చూస్తుండగానే గట్టు వెంబడి అంతా మీసాలే, ఊపిరి కోసం పైకి తేలుతూ. ఆపుదామని ఆయన వైపు తిరిగింది. ఆయన ఏడుస్తున్నాడు.

"అన్నా, చాలు! స్విచ్చి వెయ్యన్నా!"

జయరామయ్య ఉలిక్కిపడి పరుగెత్తాడు. మోత మళ్లీ లేచింది, మీసాలు మునిగాయి. వచ్చి కూర్చుని, "యాడిదాకా చెప్పినాను మా?" అని అరిచాడు.

ఇక ఒక్క ముక్కా రికార్డు కాదని తెలిసీ, అబిగయీలు మైకు ఆయన దగ్గరకు జరిపింది.