మనవరాలు ఫోన్‌లో వెతికిన తాత

ఆ రోజు టమాటా మండీలో వేలం పాడుతుండగా నా గొంతు నడిమధ్యలో జీరబోయింది. అనంతపురంలో నేను ధర అరిస్తే ఎక్కడో దూరాన కంబదూరులో ఎద్దులు బెదిరేవి. అలాంటి గొంతులోంచి తుప్పుపట్టిన గేటు చప్పుడు!

"ఏమప్పా, కప్పను మింగినావా?" అన్నారు రైతులు.

ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి గొట్టం దింపి చూశారు. "వోకల్ కార్డ్ మీద పాలిప్. అంటే గొంతు పలికించే తంత్రి మీద చిన్న కండ. మెంతిగింజంత." గుమ్మడికాయంత ఉంటుందనుకున్న నా పరువు పోయింది. ఆపరేషన్ చేశారు. బయాప్సీలో ప్రమాదమేమీ లేదని తేలింది. "ఇక వాయిస్ రెస్ట్. గుసగుసలు కూడా వద్దు" అన్నారు.

నా బెంగల్లా ఏడు నెలల మనవరాలి గురించే. నా గొంతు వినపడితే చాలు, తల తిప్పి నా ముఖం వెతికి నవ్వేది. మరిచిపోతుందేమో! అందుకు మా ఆవిడ ఉపాయం పన్నింది. బొమ్మ లేకుండా గొంతు మాత్రమే వినిపించే నా పాత వేలంపాట రికార్డింగు ఫోన్‌లో పెట్టి, "మీ తాత ఈడుండాడు సూడే" అని రోజూ ఫోన్ చూపించింది.

డాక్టరు సరేనన్నాక నోరు తెరిచాను. కొత్త గొంతు, బొంగురుది. "బంగారూ!" అన్నాను. పాప నా వెనక ఇంకెవరున్నారో చూసి బావురుమంది. ఫోన్‌లో నా పాత పాట పెట్టగానే నవ్వి ఆ ఫోన్‌ను నాకింది.

"నీ మనవరాలికి నువ్వు ఫోన్లో దూరినావయ్యా!" అంది మా ఆవిడ. నా గుండెమీద తాడిపత్రి బండ లారీతో సహా పడింది.

నాకు గొంతు సాధన నేర్పే స్పీచ్ థెరపిస్టుకు ఈ గోడు చెప్పుకుంటే నవ్వింది. "ఫోన్ ఆపండి సార్. పెదవులు కదలడం, మాట వినపడటం ఒకేసారి జరిగితేనే పాప రెండింటినీ కలుపుకుంటుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడండి. మీ పెదవులు కనపడాలి కదా, ఆ మీసం కాస్త..."

కాస్తేమిటి, ఆ అడవంతా నరికించాను. రోజూ వాకిట్లో వెలుతురులో పాపను ఒళ్లో పెట్టుకుని, దాని గిలక్కాయనే మెల్లగా వేలం వేశాను. మొదట్లో ఏడ్చింది. తర్వాత నా పెదవులు పట్టి లాగింది. అది కూడా ఒక పాటేనని లెక్కేసుకున్నాను.

ఒక ఆదివారం ఇల్లంతా చుట్టాలు. గుమ్మంలోంచి "బంగారూ" అన్నాను. పాప ఫోన్ వైపు చూడలేదు. దాని చూపు అందరి ముఖాలూ దాటుకుంటూ వచ్చి నా నోటి దగ్గర ఆగింది. బోసినోరు తెరిచి నవ్వింది.

ఇప్పుడు మండీలో మైకు పెట్టుకుని పాడుతున్నాను. గొంతు ఆపరేషన్ అయినవాళ్లకు నా మాట ఒక్కటే: ఇంట్లో పసిబిడ్డ ఉంటే, ఫోన్‌ను మీకు బదులుగా కూర్చోబెట్టకండి. మాట లేని రోజుల్లోనూ ఎదురుగా కూర్చోండి, మాట వచ్చాక పెదవులు కనపడేలా పలకరించండి. మీసం లేని నన్ను మండీలో, "నువ్వెవరన్నా?" అన్నారు. మా పాప అడగలేదు.