వంటింటి కిటికీలోంచి ఇంజను విన్న అక్క

అక్క పోయిందని ఆమె కూతురు పంపిన వాయిస్ మెసేజ్‌ని సౌదీలో ఖమీస్ ముషైత్ ఊరి కూరగాయల మార్కెట్ బయట కారు ఆపుకొని విన్నాను. జ్వరమని ఆసుపత్రిలో చేర్చారట, నాలుగో రోజున పోయిందట. మెసేజ్ అయ్యాక, నేను పనిచేసే ఇంటి మేడమ్ రాసిచ్చిన చీటీ ప్రకారం టమాటాలు, కొత్తిమీర కొనుక్కొని ఇంటికొచ్చాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. ఆమెది భీమవరం దగ్గర పల్లె, నాది రాయచోటి. ఒకే సౌదీ ఇంట్లో ఏడేళ్లు ఆమె వంట చేసింది, నేను కారు నడిపాను. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే కాబట్టి మొదటి వారంలోనే ఆమె నన్ను తమ్ముడూ అంది, నేను అక్కా అన్నాను. నిరుడు ఇక్కడి పని పూర్తిగా మానుకొని, ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను ఒకే ఒక్కటి అడిగింది. అది నేను చేయలేదు. ఇది రాయడానికి కారణం అదే.

ఇక్కడికి రాకముందు పన్నెండేళ్లు ఆమె చేపల చెరువు గట్టు మీద పాకలో ఉంది. చెరువుకి నీళ్లు తోడే ఆయిలింజను ఆ పాక పక్కనే ఉండేది. “ఇంజను డ్రైవరని పేరు మా ఆయనది, తిప్పింది నేను” అనేది. అందుకేనేమో, ఆమె చెవి ఎప్పుడూ ఏదో ఒక మిషను మీదే ఉండేది. ఫ్రిజ్ పక్కనుంచి వెళ్తే దాని మీద ఒకసారి అరచెయ్యి ఆన్చి గానీ వెళ్లదు. నేను కారు గేటులోకి తెస్తుంటే పొయ్యి దగ్గర నుంచే అరిచేది: “ముందు ఎడమ చక్రం ఏడుస్తోంది, చూపించుకో!” నేను నవ్వేవాణ్ణి. తీరా చూపిస్తే బేరింగ్ పోయి ఉండేది. టీ మాత్రం చల్లారి షర్బత్ అయ్యాక తాగేది, అదేం రుచో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటి వెనక పెద్ద తోట ఉంది. గడ్డి కోయడానికి మా యజమాని, మేం బాబా అంటాం, ఎక్కి కూర్చుని నడిపే చిన్న ట్రాక్టరు కొన్నాడు. ఆ ఏడు వానలకి గడ్డి మోకాలి దాకా లేచింది. అదే సమయానికి పెద్ద కొడుకు పెళ్లి మాటల విందు వచ్చింది. ఆ పొద్దున తాళం తిప్పితే ఇంజను కర్ర్ కర్ర్ మని తిరుగుతోందే గానీ పట్టుకోవడం లేదు. పదిసార్లు తిప్పాను. గుడారం కింద కూర్చున్న బాబా తమ్ముళ్లు నన్నే చూస్తున్నారు. బాబా వచ్చి, “మధ్యాహ్నం నమాజు లోపల ఇది కదలకపోతే నీ ఎగ్జిట్ రీఎంట్రీ సంగతి మరిచిపో” అని వెళ్లాడు. సెలవు మీద ఊరికెళ్లి తిరిగి రావడానికి ఆయన ఇప్పించాల్సిన కాగితం అది. ఊళ్లో నా భార్యకి తొమ్మిదో నెల.

మగవాళ్లు కూర్చున్న వైపుకి వంటమనిషి రాకూడదు. మంచినీళ్లు అడుగుతున్నట్టు నేనే వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

“అక్కా, స్టార్ట్ కాలేదక్కా. యాడ ఏం పోయిందో తెలీడంల్యా.”

“విన్నాన్లే. ఇంక తాళం తిప్పకు, బ్యాటరీ చచ్చిపోద్ది. పెట్రోలుందా?” ఉల్లిపాయలు తరుగుతూనే అడిగింది.

“నిన్ననే పోసినా.”

“ప్లగ్గు ఇప్పి తీసుకురా. తడిగా ఉందా, పొడిగా ఉందా చూద్దాం.”

తెచ్చి చూపించాను. తడిగా ఉంది, గుప్పున పెట్రోలు వాసన.

“అయితే నూనె అందుతోంది, నిప్పు అందట్లేదు. మా ఆయిలింజనుకి నిప్పుతో పనిలేదు, డీజిలు కదా. దీనికి కావాలి. నిన్నేం చేశావు దాన్ని?”

“ఏం చేయలేదక్కా.”

“ముందు ఏం చేశావో చెప్పు, తర్వాత ఏమైందో చెప్పు.” ఇది ఆమె ఊతపదం. నేను ఫోన్లో భార్యతో గొడవపడి వచ్చినా ఇదే అడిగేది.

“నిజంగా ఏం చేయలేదక్కా.”

కత్తి పక్కన పెట్టి, జాలీలోంచి ట్రాక్టరు వైపు చూసింది. “మరి పెళ్లికూతురిలా అట్టా మెరిసిపోతోందేంటి?”

రోజూ పొద్దున్నే కార్లు కడగడం నా డ్యూటీ. ముందు రోజు చుట్టాలొస్తున్నారన్న ఉత్సాహంలో ట్రాక్టరు బానెట్ ఎత్తి, కారు కడిగే ప్రెషర్ పైపుతో ఇంజన్ని కూడా కడిగేశాను.

“కడిగినా” అన్నాను.

“లోపల కూడానా?”

“లోపల గూడా.”

“ఓరి నీ దుంపతెగ! ఇంజన్ని అన్నం గిన్నె తోమినట్టు తోమావా?” అని పడీపడీ నవ్వింది.

“నవ్వొద్దక్కా, నా లీవు పోతాది.”

టక్కున ఆపేసింది. టీ ట్రే అందించే చిన్న తలుపులోంచి ప్లగ్గు తీసుకుని, పట్టకారుతో పట్టి, విందుకని కబ్సా, అంటే మాంసం అన్నం, ఉడుకుతున్న గిన్నె పక్కన ఖాళీగా ఉన్న పొయ్యి మీద కాచింది. ఒక పొడిగుడ్డ నాకిచ్చింది. వైరు చివరి రబ్బరు టోపీ లోపల తుడిచి ఎండలో పెట్టమంది. “ప్లగ్గు లేకుండా రెండుసార్లు తిప్పు, తాగిందంతా కక్కేస్తుంది. అప్పుడు ఇది పెట్టు.”

పెట్టాను. రెండో తిప్పుకే ఇంజను అందుకుంది. బాబా వచ్చి నా వీపు చరిచి, “మాషా అల్లా! ముహందిస్!” అన్నాడు. ముహందిస్ అంటే ఇంజనీరు. నా కాగితం ఆ వారమే అయింది. నా కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో నేనున్నాను. అది అక్క చలవే.

ఆ రోజే బాబాకి నిజం చెప్పాల్సింది. మొదట కడిగానని చెప్పడానికి సిగ్గేసింది, తర్వాత ఆ ముహందిస్ అన్న పిలుపు తియ్యగా అనిపించింది. బాబా స్నేహితులు కూడా పాడైన జనరేటర్లు, పంపులు తెచ్చేవారు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి, ఆమె చెప్పింది విని వచ్చి చేసేవాణ్ణి. ఒకరోజు చేపలు కడుగుతూ తలెత్తకుండా అడిగింది. “ఒక్కసారి వాళ్లకి చెప్పు తమ్ముడూ. నాకు కబ్సా తప్ప ఏం రాదనుకుంటున్నారు. ఇంకేం వద్దు, తెలిస్తే చాలు.”

“రేపు చెప్తానక్కా” అన్నాను. మళ్లీ ఆమె అడగలేదు. వెళ్లిపోయే రోజు అబహా ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు దించాను. అప్పుడూ ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఇది నా పిరికితనం, దీనికి వేరే పేరు లేదు.

మెసేజ్ విన్న రోజు సాయంత్రం తోటలో గడ్డి కోస్తున్నాను. బాబా వచ్చి, “ముహందిస్, ఆ మూల వదిలేశావు” అన్నాడు. “నేను ముహందిస్‌ని కాదు బాబా” అన్నాను. ట్రాక్టరు మీద కూర్చునే, నాకొచ్చిన ముక్కల అరబ్బీలో, కడగడం, కిటికీ, పొయ్యి మీద కాల్చిన ప్లగ్గు, తర్వాత తెచ్చిన ప్రతి మిషనూ, అంతా చెప్పాను. ఆమె పోయిందని కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఇంజను ఆపమని చేత్తో సైగ చేశాడు.

“మన వంటమనిషా?”

“అవును బాబా.”

“ఆమె పేరేంటి? పూర్తి పేరు చెప్పు.”

ఇంట్లో అందరూ మేడమ్ పెట్టిన పొట్టి పేరుతోనే పిలిచేవారు. నేను పాస్‌పోర్టులో ఉన్నట్టు, ఇంటిపేరుతో సహా చెప్పాను. బాబాకి నోరు తిరగలేదు. మళ్లీ అడిగాడు. విడదీసి చెప్పాను. మూడోసారి సరిగ్గా పలికాడు. తర్వాత మేడమ్‌కి చెప్పడానికి లోపలికి నడిచాడు. మరిచిపోతానని కాబోలు, కోసిన గడ్డి మీదుగా దారంతా ఆ పేరు పైకే అనుకుంటూ వెళ్లాడు.