గోడ లోపలి ఊట

2020 ఏప్రిల్ మొదటి వారంలో, ఐర్లండ్‌లో నేస్ పట్టణానికి దగ్గరగా ఉన్న మా నర్సింగ్ హోమ్‌లో నన్ను రెండో యూనిట్‌కి మార్చారు. తొమ్మిది గదులు, తొమ్మిది మంది పెద్దవాళ్ళు. నా హోదా సీనియర్ స్టాఫ్ నర్సు. అంటే కేర్ అసిస్టెంట్లు చేసిన పనికి సంతకం నాది, ఆ సంతకానికి జవాబు చెప్పుకోవలసింది డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్‌కి. ఆ రోజు పని ఉన్నందుకూ, నా చేతికి సరిపోయే సైజు గ్లౌజులు దొరికినందుకూ దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ నెలలో రెండోది చిన్న విషయం కాదు.

నాలుగో గదిలో కమాండెంట్ ఫీలన్ ఉండేవారు. ఐరిష్ సైన్యంలో కమాండెంట్ అంటే కెప్టెన్‌కి పైన, లెఫ్టినెంట్ కల్నల్‌కి కింద. వయసు ఎనభై ఎనిమిది. ఉద్యోగంలో ఉండగా రెండేళ్ళు యెరూషలేములో ఐక్యరాజ్యసమితి శాంతి పరిశీలకుడిగా పనిచేశారు. తర్వాతి జీవితమంతా ఆ పట్టణాన్ని ఎవరెవరు ముట్టడించారో చదవడానికే సరిపోయింది. గదిలో రెండు గోడల నిండా ఆ పట్టణం పటాలే.

నాకూ ఆ పట్టణం కొత్త కాదు. మా నాన్న సైన్యంలో సుబేదారుగా రిటైరై, ఒంగోలు దగ్గర మా ఊరి చర్చిలో సంఘపెద్ద అయ్యారు. పదో తరగతి పరీక్ష రాసేదాకా నేను బడి గడప తొక్కలేదు, నాన్నే చెప్పారు. లెక్కలు, ఇంగ్లీషు, బైబిలు వాక్యం, ముట్టడి: ఇవి మా సబ్జెక్టులు. వాకిట్లో పుల్లతో ప్రాకారం గీసి, చింతగింజల సైన్యాన్ని ఉత్తరం వైపు దించేవారు. మిగతా మూడు వైపులా లోయలు కాబట్టి శత్రువు ఉత్తరం నుంచే వస్తాడు. గొర్రెల గుమ్మం మొదలుకొని గుమ్మాల పేర్లన్నీ వరసగా అప్పజెప్పితేనే అన్నం. ఉష్ణోగ్రత చూడడానికి వెళ్ళినప్పుడు కమాండెంట్ గారు నన్ను ఆ గుమ్మాలే అడిగారు. తప్పు లేకుండా చెప్పాను. ఆ రోజు నుంచి నేను వస్తే పడుకునే సెల్యూట్ చేసేవారు.

ఏప్రిల్ మధ్యలో ఆయనకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆ వయసులో దానితోపాటు మతి కాస్త తప్పుతుంది. మందు మొదలుపెట్టాం. అప్పటికే యూనిట్లో ఇద్దరికి కోవిడ్ తేలింది. ఎవరి గదిలో వాళ్ళే ఉండాలి, బయటి నుంచి చుట్టాలెవరూ రాకూడదు. కమాండెంట్ గారు పరిస్థితిని పరిశీలించి, ఇది ముట్టడి అని తేల్చారు. నిజం చెప్పాలంటే ఆయన దగ్గర ఆధారాలు బాగానే ఉన్నాయి. గేటు మూసి ఉంది. సరుకులు గేటు దగ్గరే దించి పోతున్నారు. లోపలున్న అందరి ముఖాలకూ ముసుగులు.

క్రీస్తు శకం డెబ్బయ్యో సంవత్సరంలో యెరూషలేము ఎలా పడిందని ఆయన నన్నడిగారు. నాన్న చెప్పినట్టే చెప్పాను. రోమా సేనాని తీతు చుట్టూ కట్ట కట్టాడు, లోపల కరువొచ్చింది, బలమున్నవాళ్ళు దాచుకు తిన్నారు, పిల్లలు మాడిపోయారు. ఆయన శ్రద్ధగా విన్నారు. మాట్లాడించగలిగానని నేను తృప్తిగా చార్టులో రాసుకున్నాను.

మర్నాటి నుంచి ఆయన నీళ్ళు తాగడం మానేశారు.

మా దగ్గర ఫ్లూయిడ్ చార్టు అని ఉంటుంది. మనిషి ఎంత తాగాడు, ఎంత బయటికి పోయింది, గంటగంటకీ మిల్లీలీటర్లలో రాస్తాం. రోజుకు పదిహేను వందలు కావాలి. ఆయనది నాలుగు వందలకు దిగింది. చర్మం కింద సూదితో ద్రవం ఎక్కిద్దామంటే సూది పీకేశారు. మా హోమ్ చూసే డాక్టరు, జీపీ, ఫోన్లో చెప్పింది ఒకటే: రేపు సాయంత్రానికి వెయ్యి దాటకపోతే ఆసుపత్రికి పంపాలి. అప్పట్లో అంబులెన్సులో రోగి ఒక్కరే పోవాలి. ఆ వయసువాళ్ళు తిరిగి రావడం అరుదు. తనను ఎక్కడికీ తరలించవద్దని ఆయన ముందే రాసిచ్చి ఉన్నారు. కార్క్ నగరంలో ఉన్న కూతురు ఓర్లా ఫోన్ చేసి, నాన్న తెలియని చోట ఒంటరిగా పోకూడదు, మరేమీ అడగనంది. చేయగలిగింది చేస్తానన్నాను. ఏం చేయగలనో నాకు తెలియదు.

కేర్ అసిస్టెంటు సుజాతది ఖమ్మం. గ్లాసు పట్టుకుని వరండాలో నిలబడింది.

"అక్కా, నాలుగో నంబర్ తాత మళ్ళా వాపస్ ఇచ్చిండు. పిల్లలకియ్యమంటుండు. ఇక్కడ అందరికన్న చిన్నపిల్ల మిసెస్ నోలన్. ఎనభై రెండేండ్లు. ఆమెకియ్యమంటవా?"

జరిగింది చెప్పాను.

"అంటే పానం బాగలేక పండుకున్న మనిషికి కరువు కథ చెప్పినవా? నన్నడిగితే ఏసయ్య నీళ్ళను ద్రాక్షారసం చేసిన కానా పెండ్లి చెప్పేదాన్ని. అందుల తాగుడన్న ఉంటది."

సరైన మాటే.

మతి తప్పినవారికి ఎదురు చెప్పకూడదని మా శిక్షణ. అబద్ధం చెప్పకూడదని మా నాన్న శిక్షణ. రెండింటి మధ్యా మిగిలిన దారి ఇంకో ముట్టడి. మర్నాడు ఉదయం గౌను, మాస్కు, ముఖానికి షీల్డు వేసుకుని వెళ్ళి, యెరూషలేమును ఏలిన హిజ్కియా రాజు సంగతి గుర్తుందా సార్ అని అడిగాను. అష్షూరు సైన్యం వస్తోందని తెలిసి ఆయన బయటి ఊటలు పూడ్పించాడు. కొండ కింద సొరంగం తొలిపించి, గిహోను ఊట నీళ్ళను గోడ లోపలికి మళ్ళించాడు. ఆ ముట్టడిలో పట్టణం పడలేదు.

అయితే నీటి సరఫరా తనిఖీ చేయాలన్నారు ఆయన.

గది దాటించే వీలు లేదు. గదిలో ఉన్న వాష్‌బేసిన్ కుళాయి తిప్పాను. ఆయన చేతిగడియారం చూస్తూ పది నిమిషాలు కూర్చున్నారు. ధార సన్నబడలేదు. ఆ కుళాయి బిగించిన ప్లంబరు ఎవరోగానీ, ఆయన కోసం ఆ రాత్రి ప్రార్థన చేశాను. తర్వాత రాతపూర్వకంగా రిపోర్టు కావాలన్నారు. 'నీరు గోడ లోపలే అందుతోంది. ప్రవాహం ఆగలేదు' అని రాసి, పేరూ హోదా వేసి ఇచ్చాను. ఇందులో అబద్ధం లేదు.

అయినా తాగలేదు. అధికారి ఆఖరున తాగుతాడు, అందరికీ అందిందా అని అడిగారు.

అందిందని అక్కడే అనేయవచ్చు. కానీ నేను చూడలేదు. బయటికొచ్చి సుజాతకు చెప్పాను: మిగతా ఎనిమిది గదులకూ వెళ్ళు, ఒక్కొక్కరి చేత నీ ఎదురుగా తాగించు, లిస్టులో టిక్కు పెట్టు. గది గదికీ గౌను మార్చాలి కాబట్టి గంట పట్టింది. చివర ఆమె నాలుగో గది గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో రిపోర్టు ఇచ్చింది: ఎనిమిది మంది తాగారు సార్, మిసెస్ నోలన్ రెండుసార్లు.

"గ్రాండ్," అని కమాండెంట్ గారు గ్లాసు అందుకున్నారు. రెండు వందలు.

ఆ రోజు ఆరుసార్లు అదే వరస నడిపాం. సాయంత్రానికి ఆయనది పదకొండు వందల యాభై. జీపీ అంబులెన్సు వద్దంది. ఓర్లాకు ఫోన్ చేసి అంకె ఒక్కటే చెప్పాను. ఆమె ఆ అంకెను మళ్ళీ చెప్పించుకుంది.

వారం తర్వాత డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ చార్టులు తిరగేసి, ఒక్క నాలుగో గదికే కాదు, మొత్తం రెండో యూనిట్‌కే నీళ్ళ అంకెలు ఎలా పెరిగాయని అడిగింది. చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ రిపోర్టు కాగితాన్ని ఫైల్లో పెట్టించింది.

ఇన్ఫెక్షన్ తగ్గాక కమాండెంట్ గారికి తానెక్కడున్నారో తెలిసింది. కాగితం అడిగి తెప్పించుకుని చదివి, దాని మీద సమయం వేయలేదని నన్ను తప్పు పట్టారు. జూన్‌లో రాకపోకలకు అనుమతి వచ్చాక ఓర్లా వచ్చింది. మరుసటి చలికాలంలో ఆయన అదే గదిలో, కూతురు పక్కనుండగా పోయారు. అందుకు దేవునికి స్తోత్రం.

2022లో రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన నర్సులకు నేను రెండు సంగతులు చెప్పేదాన్ని. ఎంత తాగలేదో రాసే ముందు ఎందుకు తాగలేదో కనుక్కోవాలి. పట్టణం పడిన ముట్టడి ఒకటి చెబితే, నిలిచిన ముట్టడి కూడా అప్పుడే చెప్పాలి. మా నాన్న రెండూ ఒకే రోజు నేర్పారు. నేనే సగం చెప్పి డ్యూటీ దిగిపోయాను.