కొండ కార్డు ఓడిపోకూడదు

ఫ్లెక్సీ మిషన్ చిత్తూరులోకి వచ్చిన ఏడాదే నా కుంచెలు ఎండిపోవడం మొదలైంది. అంతకు ముందు మా బజారులో సగం దుకాణాల బోర్డులు నా చేతి రాతే. గోడల మీద ఎరువుల ప్రకటనలు, పెళ్ళి పందిళ్ళ ముందు స్వాగతం పలకలు, ఎన్నికలొస్తే గుర్తులు, అన్నీ నేనే రాసేవాణ్ణి. ఫ్లెక్సీవాడు గంటలో అచ్చేసి చుట్ట చుట్టి చేతిలో పెడుతుంటే, రంగు ఆరేదాకా నా దగ్గర కూర్చునేదెవడు? నాకు ముక్కు మీదే కోపం. ఆ షాపు ముందు నుంచి పోవాల్సి వస్తే ఉమ్మి మరీ పోయేవాణ్ణి. ఉమ్మితే పని దొరకదు గదా. ఇంట్లో మా ఆడమనిషికి, అంటే నా భార్యకు, నెలలు నిండుతున్నాయి. తెల్లవారితే చాలు, ఈ రోజు ఎవరైనా పిలుస్తారా అన్న ఆరాటం పట్టుకునేది.

అప్పుడు పిలిచాడు రేణిగుంట మొదలాళి. యజమానిని మావైపు మొదలాళి అనే అంటాం. పిల్లలు వేళ్ళకు తొడుక్కుని తినే పసుపు గొట్టాలు వేయించి ప్యాకెట్లు కట్టి అమ్మే మనిషి. ఆయన షెడ్డు గేటు మీద పేరు ఒకప్పుడు నేనే రాశాను. ఈసారి ప్యాకెట్టుకొక బొమ్మ కార్డు వేస్తాడట, బొమ్మలన్నీ నేను గీయాలట. అమ్మకం పెరిగితే ఏడాది పొడుగునా కొత్త కొత్త బొమ్మలు గీస్తూనే ఉండొచ్చు. పెరగలేదా, తనను ఏమీ అడగకూడదు. నేను తల ఊపాను. ఊపక ఏం చేస్తాను?

ఆట కొత్తదేమీ కాదు. కుస్తీవాళ్ళ బొమ్మలతో పిల్లలు అప్పటికే ఆడుతున్నదే. ప్రతి కార్డు మీద బొమ్మ కింద నాలుగు అంకెలుంటాయి: ఎత్తు, బరువు, వేగం, వయసు. పిల్లలు ఎవరి కార్డులు వాళ్ళు కట్టగా పట్టుకుంటారు. వంతు వచ్చినవాడు తన పై కార్డు చూసి "వేగం" అంటాడు. అందరూ తమ తమ పై కార్డుల్లో వేగం చదువుతారు. ఎక్కువ ఉన్నవాడు ఆ కార్డులన్నీ లాగేసుకుంటాడు, ఇంక అవి వాడివే. కార్డులు అయిపోయినవాడు లేచిపోవాలి, అంతే.

నేను మావైపువే గీశాను. అడవి చిరుత, కుప్పం పొలాల మీద పడే ఏనుగు, శ్రీహరికోట రాకెట్టు, రైలింజను, పశువుల పండక్కి కొమ్ములకు పలకలు కట్టుకుని ఉరికే కోడె, బెల్లం లారీ, ఉడుము. చివరికి తోతాపురి మామిడికాయను కూడా వదల్లేదు. మామిడికాయకు వేగమేమిటని అడక్కండి, చెట్టు మీద నుంచి రాలే వేగం. మొదలాళి అన్నీ తిరగేసి చూసి, కార్డుల కట్ట బల్ల మీద పెట్టేశాడు.

"కొండ యాడప్పా? కొండ లేకుండా ఎట్ల మొదలుపెట్టేది?"

ప్యాకెట్టు చింపి తిన్న పిల్లవాడు కాగితం ఎక్కడ పారేస్తాడు? మురుగు మోరీలో. దేవుడి బొమ్మ వేస్తే ఎవడి కాలి కింద పడుతుందో, ఆ పాపం ఎవడిది? గీసినవాడిది. అలాగని వద్దంటే పని పోతుంది. రెండు రోజులు తిండి సహించలేదు. ఆఖరికి తెలివిగా ఉపాయం పన్నాననుకున్నాను. గోపురం లేదు, నామం లేదు, దీపం లేదు. వట్టి ఏడు కొండలు, ఆకుపచ్చా నీలమూ, వెనక ఎండ. భూగోళం పుస్తకంలో బొమ్మలాగా ఉండాలని కష్టపడి గీశాను. మావైపు ఏడు వంపులు వరుసగా గీస్తే చాలు, అటుగా పోయేవాడు చెప్పులు విడుస్తాడన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. నాకే తట్టలేదు, ఈ వైపే పుట్టిన వెధవకి.

మొదటి విడత ప్యాకెట్లు చిత్తూరు అంగళ్ళకు వచ్చాయి. బడి వదిలే వేళకు ఎదురుగా సైకిల్ షాపులో బెంచీ మీద కూర్చునేవాణ్ణి, గాలి కొట్టించుకునే నెపంతో. నాకు సైకిల్ లేదన్న సంగతి షాపువాడికి తెలుసు, పాపం ఏమీ అనలేదు. పిల్లలు ప్యాకెట్లు చింపుతుంటే మెడ సాచి చూసేవాణ్ణి. రాకెట్టు వస్తే ఎగిరారు. చిరుత వస్తే అరిచారు. కొండ వచ్చిన పిల్లవాడు మాత్రం కార్డును కళ్ళకద్దుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆటలోకి తీయలేదు. రెండోవాడూ అంతే. ఇంటికి పోతే మా ఆడమనిషి కూడా ఒక కొండ కార్డును దేవుడి పటాల పక్కన ఆనించి, పసుపు బొట్టు పెట్టి ఉంది. నా కార్డుకు నేనే దండం పెట్టుకుని అన్నానికి కూర్చోవాల్సి వచ్చింది.

జేబులో పెట్టుకున్నా బాగుండేది. కొందరు ఆడారు. కొండకు ఎత్తుంది, బరువుంది, వయసు చెప్పక్కర్లేదు. వేగం మాత్రం సున్నా. కొండ కదలదు కదా అని నేనే వేశాను. ఒక పిల్ల ఉడుము కార్డు పట్టుకుని "వేగం" అంది. కొండను ఉడుము గెలుచుకుపోయింది. "కొండ ఓడిపోయింది, కొండ ఓడిపోయింది" అని పిల్లలు గోల పెడుతుంటే, మనవణ్ణి తీసుకుపోవడానికొచ్చిన ఒక అవ్వ ఆగిపోయింది. పిల్లల్ని నాలుగు తిట్టి, ఆ ప్యాకెట్లమ్మే అంగడివాణ్ణి పద్నాలుగు తిట్టింది. అంగడివాడు ఆ తిట్లన్నీ ప్యాకెట్లు దించే వ్యాను డ్రైవరుకు అప్పజెప్పాడు. మర్నాటికి అవి రేణిగుంట చేరాయి, ఒక్కటి తగ్గకుండా.

మొదలాళి నన్ను చూడగానే చెంపలేసుకున్నాడు. కొండ కార్డు తీసేద్దామా అని అడిగాను. తీసేస్తే ఇంకా పాపమన్నాడు. పిలకాయలు ఆడాలి, పెద్దవాళ్ళు తిట్టకూడదు, ఏం చేస్తావో నీ ఇష్టం, చెయ్యలేకపోతే బొమ్మల పని ఇంతటితో సరి అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బస్సులో పూతలపట్టు దాటేదాకా కొండ అంకెలే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ముందు చేసిన పని బుద్ధి తక్కువ పని. వేగం సున్నా తీసేసి, కొండకు అన్నిట్లోనూ అందరికంటే పెద్ద అంకెలు వేశాను. ఇంక కొండ ఓడిపోదు. రెండో విడత వచ్చింది. కొండ ఉన్నవాడు వరుసగా గెలుస్తూ పోయాడు, మిగతావాళ్ళు లేచిపోయారు. మూడో రోజుకల్లా "కొండ ఉన్నోడితో ఆడం పో" అని పిల్లలు తేల్చేశారు. కొండ మళ్ళీ జేబుల్లోకి పోయింది. ఓడిపోతే తప్పు, గెలిస్తే తప్పు. ఇదేం కార్డురా నాయనా అని నెత్తి కొట్టుకున్నాను. రాత్రి పడుకుంటే నిద్రలో కూడా అంకెలు మారుస్తున్నానట, నా భార్య చెప్పింది.

ఆ వారంలోనే పక్కింటివాళ్ళు కొండకు పోయి వచ్చారు. నున్నటి గుండ్లకు గంధం పూసుకుని, ఇంటింటికీ కాగితం ముక్కలో చిటికెడు లడ్డూ పంచుతున్నారు. ఎంతమందికి పంచాలో, మాకు వచ్చింది నాలుగు పలుకులు, ఒక ఎండు ద్రాక్ష. మా ఆడమనిషి దాన్ని రెండు చేతులతో తీసుకుని, కళ్ళకద్దుకుని, అంతలోనే నీళ్ళు పట్టుకోవడానికొచ్చిన ఎదురింటామెకు అందులోంచి సగం పెట్టింది. నేను మామూలుగానే విసుక్కున్నాను, ఉన్నదే చిటికెడు, దాంట్లో మళ్ళీ పంపకమా అని. ఆమె నవ్వలేదు.

"కొండకు పోయొచ్చినోళ్ళను గెలిచినారా, ఓడినారా అని ఎవురైనా అడుగుతారా? పెట్టినారా లేదా అనే గదా అడిగేది."

తింటున్నది వదిలేసి కార్డు తీసుకుని కూర్చున్నాను. నాలుగు అంకెలూ చెరిపేశాను. ఆ ఖాళీలో ఒక్క వాక్యం రాశాను: కొండ వచ్చినవాడు ఆటలో కూర్చున్న అందరికీ ఒక్కొక్క కార్డు పంచాలి, లేచిపోయినవాళ్ళను కూడా పిలిచి ఇవ్వాలి, తర్వాత కొండను కట్ట అడుగున పెట్టుకోవాలి. కొండతో పోటీ లేదు. ఓటమి లేదు, గెలుపు లేదు.

మూడో విడత వచ్చిన రోజు బడి వదలకముందే పోయి సైకిల్ షాపు బెంచీ మీద కూర్చున్నాను. ఒక పిల్లవాడికి కొండ పడింది. కార్డు మీద రాసింది పైకి చదివాడు. రెండోసారి చదవలేదు. అందరికీ తలా ఒకటి ఇచ్చి, అరుగు చివర మూతి ముడుచుకుని కూర్చున్న వాణ్ణి కేకేసి వాడికీ ఒకటిచ్చాడు. వాడు పరిగెత్తుకుంటూ వచ్చి మళ్ళీ ఆటలో కూర్చున్నాడు. ఆ తర్వాత జేబుల్లోంచి, పెన్సిలు డబ్బాల్లోంచి, దేవుడి పటాల పక్కల్నుంచి కొండలన్నీ ఆటలోకి వచ్చేశాయి. ఏ అవ్వా ఏమీ అనలేదు. ఒకావిడ అయితే నిలబడి చూసి మురిసిపోయింది. నా సంతోషం ఏమని చెప్పను. ఆ రోజు ఫ్లెక్సీ షాపు ముందు నుంచి ఉమ్మకుండా వచ్చాను.

నెల తిరక్కుండా మొదలాళి మళ్ళీ పిలిపించాడు. మెచ్చుకుంటాడనుకుని ఉతికిన చొక్కా వేసుకుని పోయాను. షెడ్డులో ప్యాకెట్ల మూటలు పైకప్పు దాకా ఉన్నాయి. ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఆట ఆగకుండా జరుగుతోంది, ఎవడికీ కార్డులు అయిపోవడం లేదు, ఇంక కొత్త ప్యాకెట్టు కొనే అవసరం ఎవడికుంది? ఆయన ఈ లెక్క నిదానంగా చెప్పాడు, కోప్పడలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. ఆయన చెప్పిన మార్పు ఒక్కటే. కొండ వచ్చినవాడు అందరి దగ్గరా ఒక్కొక్క కార్డు తీసుకోవాలి. అప్పుడు పిల్లలకు కార్డులు తరిగిపోతాయి, పరిగెత్తి ప్యాకెట్లు కొంటారు. చేస్తే పని ఉంటుంది.

నేను కోపిష్టినని ముందే చెప్పాను. ఆ రోజు నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఇంట్లో పురుటి మంచం వేసి ఉంది, దాని మీద పది రోజుల బిడ్డ. "సరే మొదలాళీ" అన్నాను. ఆ ఒక్క మాట మార్చి రాయడానికి నాకు సాయంత్రమంతా పట్టింది. మా ఆడమనిషి బాలింత నీరసంలో ఒత్తిగిలి, ఏం రాస్తున్నావని అడిగింది. పాతదే, అక్షరాలు దిద్దుతున్నానని చెప్పాను.

కొత్త కార్డులు వచ్చిన నాడు బెంచీ మీద కూర్చోలేక బడి అరుగు దగ్గరికే పోయి నిలబడ్డాను. మొట్టమొదటి ఉడుము పిల్ల, ఆ రోజు "వేగం" అని కొండను గెలిచిన పిల్లే, ఆటలో ఉంది. ఆమెకు కొత్త కొండ కార్డు వచ్చింది. చదివింది. కనుబొమలు ముడిచింది. మళ్ళీ చదివింది. పక్కవాడు తొంగి చూసి చదివాడు. ఆ పిల్ల చేతిలోని కట్టలోంచి కార్డులు తీసి అందరికీ ఒకటొకటి ఇవ్వడం మొదలుపెట్టింది.

ఉండబట్టలేక అడిగేశాను, తీసుకోమని కదమ్మా రాసి ఉంది అని. ఆ బొమ్మలు గీసింది నేనని వాళ్ళకు తెలియదు. ఆ పిల్ల తలెత్తి, ఇంత మనిషికి ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

"అది అచ్చు తప్పు అన్నా. కొండకు పోయొచ్చినోళ్ళు పెడతారు గానీ యాడన్నా పెరుక్కుంటారా?"

అందరూ అవునన్నారు. మళ్ళీ ఆటలో పడిపోయారు. నేను అక్కడే నిలబడిపోయాను. సిగ్గేసింది, సంతోషమూ కలిగింది, రెండిటి కిందా భయం అలాగే ఉంది, ఎందుకంటే మర్నాడు రేణిగుంట పోయి లెక్క చెప్పాలి.

బస్సులో దారంతా ఒక మాట కూర్చుకున్నాను. పిల్లలు నిదానంగా అలవాటు పడతారు, ఇంకో నెల చూద్దాం మొదలాళీ అని. పది సార్లు లోపల వల్లె వేసుకున్నాను. షెడ్డులో నూనె వాసన మధ్య ఆయన నా మొహం చూసి, ఏమంటా ఉండారు పిలకాయలు అని అడిగాడు. కూర్చుకున్న మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"అచ్చు తప్పు పడింది మొదలాళీ," అన్నాను.

తప్పు ఎవరిదన్నాడు. నాదే అన్నాను. పిల్లలు చదివి కూడా పంచుతూనే ఉన్నారనీ, ఎన్నిసార్లు అచ్చేసినా పంచుతారనీ, ఆ పిల్ల అన్న మాటా మొత్తం చెప్పేశాను. ఆయనా ఏటా గుండు గీయించుకుని షెడ్డులో అందరికీ లడ్డూ పెట్టే మనిషే. చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"కార్డులు వద్దులేప్పా ఇంక. విజిల్ వేద్దాం ప్యాకెట్టుకొకటి. విజిల్‌కు రూల్సు ఉండవు."

"విజిల్ మీద నేను గీసేదేముంటుంది మొదలాళీ?"

"ఏమీ ఉండదప్పా," అన్నాడు, నా వైపు చూడకుండా.