మాట సాయం

అనకాపల్లి స్టేషన్లో పొద్దుటి పాసింజరు ఎక్కేవాళ్లలో ఎలియాజరు గొంతు తెలియనివాడు లేడు. ఈ చివరి పెట్టె దగ్గర నిలబడి ఆ చివరి పెట్టెలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలిచేవాడు. వాడు పలికేదాకా వదిలేవాడు కాదు. ఆ గొంతు తండ్రి ఇచ్చింది. తండ్రి బెల్లం మార్కెట్లో కలాసీ, దిమ్మలు మోసిన మనిషి. కొడుకూ కలాసీయే అయ్యాడు గానీ బెల్లం దగ్గర కాదు, విశాఖ హార్బర్లో ఒక ప్రైవేటు కంపెనీ టగ్గు మీద. టగ్గంటే పెద్ద ఓడలకి తాడు కట్టి లాక్కొచ్చి జెట్టీకి చేర్చే పడవ. చూడ్డానికి ఓడ పక్కన పిల్లలా ఉంటుంది, దాని ఇంజను గదిలోకి దిగితే మాత్రం పక్కవాడి మాట వినబడదు.

అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోయేసరికి చెల్లెలు తబితాకి ఆరేళ్లు. దానికి జడలు వేసిందీ, జ్వరమొస్తే భుజానేసుకుని తిరిగిందీ, బడిలో పంతులు కొడితే వెళ్లి పోట్లాడిందీ ఎలియాజరే. తనకి సంబంధాలు వస్తే "దాని పెళ్లవనీండి" అనేవాడు. దాని పెళ్లయ్యాక అతన్ని అడిగేవాళ్లు లేకపోయారు. అయ్యో పాపం అని ఎవరైనా జాలిపడితే అతనికి ఒళ్లు మండిపోయేది.

"నాకేటి తక్కువ? ఇల్లు లేదా, సెల్లి లేదా?" అనేవాడు.

తబితా మొగుడు బెన్‌హర్. మంచి మాటకారి. పది గొంతులు పలికేవాడు. పాస్టరుగారి ప్రార్థన దగ్గుతో సహా దింపేసేవాడు. నవ్వించడం తప్ప నిలకడగా ఏ పనీ చెయ్యలేదు. ఎలియాజరు కంపెనీవాళ్ల కాళ్లావేళ్లా పడి తన టగ్గు మీదే అతనికి కలాసీ పని ఇప్పించాడు. అప్పటికి తను సరంగయ్యాడు. అంటే కలాసీలందరికీ పెద్ద. తాళ్లు కట్టించడం, ప్రమాదమొస్తే ఏం చెయ్యాలో డ్రిల్లులు చేయించడం అతని బాధ్యతే.

డ్రిల్లంటే ఎలియాజరుకి పిచ్చి. కంపెనీ వాళ్లు మద్రాసు పంపి ట్రైనింగు ఇప్పించారు. అక్కడ నేర్చుకున్నవాటిలో ఒక సంగతి అతని గుండెల్లో దిగిపోయింది. ఇంజను గదిలో మంట లేస్తే తలుపులన్నీ మూసి, పైనుంచి గ్యాసు వదలాలి. గాలి ఆడక మంట చచ్చిపోతుంది. లోపల మనిషుంటే మనిషీ చచ్చిపోతాడు. ఆ గ్యాసుకి మంటా మనిషీ ఒకటే. అందుకని ఆ గ్యాసు పిడి తిప్పేముందు అందరినీ పేరుపేరునా పిలవాలి. ఎవడికి వాడు పలకాలి. దాన్నే మస్టరు అంటారు.

మనవాళ్లకి డ్రిల్లంటే పెళ్లిలో ఫోటో. కాసేపు నిలబడితే చాలు, నిలబడకపోయినా పక్కవాడు జరిగి నిండుగా కనిపిస్తే చాలు. టగ్గు మీద ఉండేది ఎనిమిది మంది, అందులో ఎలియాజరు తప్ప మిగతావాళ్లంతా ఒక మంచి ఏర్పాటు చేసుకున్నారు. ఒకడు టీకి పోతే ఇంకొకడు వాడి పేరుకి "ఉన్నాను" అనేవాడు. దానికి ఓ ముద్దు పేరు కూడా పెట్టుకున్నారు, మాట సాయం అని. "రేపు నాకు మాట సాయం సెయ్యరా" అంటే సరిపోయేది. అందరిలోకీ ఘనంగా చేసేవాడు బెన్‌హర్. ఇంజనుకి నూనె పట్టే సత్తియ్య ఎప్పుడూ వెనకాల తాళ్ల చుట్టల మీద కునుకు తీస్తూ ఉండేవాడు. బెన్‌హర్ సాగదీసి "ఉన్నాను మామా" అంటే అచ్చం సత్తియ్యే. అందరూ పడీపడీ నవ్వేవారు.

ఎలియాజరు నవ్వేవాడు కాదు. ఓసారి ఎండలో అందర్నీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కడి గడ్డం పట్టుకుని మొహం చూస్తూ మస్టరు తీశాడు.

"ఒరే, ఆకలేత్తే పక్కోడు తింటే నీ కడుపు నిండుద్దా? మరి ఈడెందుకురా నీకు పలుకుతాడు?" అని అరిచాడు.

"మా బావకి పోలీసు ఉద్యోగం రావాల్సిందిరా, పొరపాట్న సముద్రంలో పడ్డాడు" అన్నాడు బెన్‌హర్. ఆ వేళ ఎలియాజరు కూడా నవ్వేశాడు. చెల్లెలి మొగుడు కదా.

రెండువేల ఆరు వేసవిలో, పట్టపగలు, ఒక ఓడని లాగి వదిలి వెనక్కొస్తున్నప్పుడు ఇంజను గదిలో డీజిలు గొట్టం పగిలింది. వేడి ఇంజను మీద చిమ్మి భగ్గుమంది. నల్లటి పొగ పైకి తన్నుకొచ్చి టగ్గంతా కమ్మేసింది. టగ్గు నడిపే మాస్టరు త్రినాధరావు పై గదిలో వైర్‌లెస్‌లో కేకలు పెడుతున్నాడు. కింద ఎలియాజరు ఒక చేత్తో ముక్కుకి తువ్వాలు అదిమిపెట్టుకుని, ఇంకో చెయ్యి గ్యాసు పిడి మీద వేసి మస్టరు మొదలెట్టాడు. మొహాలు కనబడలేదు. గొంతులే. ఒక్కొక్కడూ దగ్గుతూ పలికాడు.

"సత్తియ్యా!"

"ఉన్నాను మామా."

అందరూ పలికారు. తలుపులు బిగించారు. ఎలియాజరు పిడి తిప్పాడు.

మంట ఆరిపోయింది. పొగ విడిపోయాక చూసుకుంటే పైన ఏడుగురే ఉన్నారు. తాళ్ల చుట్టల మీద ఎవరూ లేరు. సత్తియ్య ఆ వేళ నిద్రపోలేదు, కింద పని చేసుకుంటున్నాడు. గాలి ఆడాక దిగి చూస్తే నిచ్చెన మొదట్లో బోర్లా పడి ఉన్నాడు. ఒంటి మీద కాలిన మచ్చ ఒక్కటి లేదు.

జెట్టీ మీద గోడ చాటుకి వెళ్లి బెన్‌హర్ అతని కాళ్లు చుట్టేసుకున్నాడు.

"అలవాటుకొద్దీ నోరు పలికేసింది బావా. ఆడు ఎనకాల తొంగున్నాడనుకున్నాను. నాను సంపేసేను బావా."

ఎలియాజరుకి వాణ్ణి సముద్రంలోకి తోసెయ్యాలనిపించింది. మరుక్షణంలో తబితా మొహం, దాని ఇద్దరు పిల్లల మొహాలూ కళ్ల ముందు ఆడాయి.

"ఇసారణలో నువ్వే సెప్పేత్తావా?"

"సెప్పేత్తాను బావా. బైబిలు మీద ఒట్టు."

నమ్మాడు. పోలీసులు అడిగినప్పుడు "నేను పిలిచాను, పలికారు" అన్నాడే గానీ పలికింది ఎవరో చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. వాడే ఒప్పుకుంటే శిక్ష కొంత తగ్గుతుందేమో, చెల్లెలికి కొంత పరువు మిగులుతుందేమో అనుకున్నాడు. ఉద్యోగం గురించి అతనికి బెంగ లేదు. సత్తియ్య పేరు పిలవకుండా పిడి తిప్పాడన్న మాట మాత్రం తన మీద నిలవకూడదు. ఆ ఒక్కటీ చాలనుకున్నాడు.

కంపెనీవాళ్లు పెట్టిన విచారణలో ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి అడిగారు, సరంగు మస్టరు తీశాడా అని. మాస్టరు తను వైర్‌లెస్‌లో ఉన్నానన్నాడు. వంటవాడు వినబడలేదన్నాడు. మిగతా వాళ్లూ పొగ అన్నారు, గోల అన్నారు, చెవులు దిబ్బడేశాయన్నారు. మస్టరు తీశాడంటే మాట సాయం సంగతి బయటపడుతుంది, అందరి నోటి దగ్గర కూడూ పోతుంది. నలుగురితో నారాయణ. వాళ్ల మీద ఎలియాజరుకి కోపం వచ్చింది గానీ ఆశ పోలేదు. అసలువాడు ఇంకా మిగిలే ఉన్నాడు.

బెన్‌హర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరి గొంతూ కాదు, తన సొంత గొంతుతో చెప్పాడు.

"పిలవలేదండి. మా సొంత బావండి, ఆయన మీద నాను అబద్ధమాడతానా? కంగారు పడిపోయి పిడి తిప్పేసేడండి."

మిగతా వాళ్లు వినబడలేదన్నారు. వీడు పిలవలేదన్నాడు. ఆ 'మా సొంత బావ' అన్న మాటతో గదిలో అందరూ నమ్మేశారు. ఎలియాజరు కుర్చీ తన్నుకుంటూ లేచాడు.

"పిలిసేను! పలికింది ఈడే! సత్తియ్య గొంతుతో ఈడే పలికేడు!"

"మరి ఇన్నాళ్లూ ఆ మాట ఎందుకు చెప్పలేదు? ఇంటల్లుడు నిజం చెప్పేసరికి అతని మీదకి తోసేస్తున్నావా?" అన్నాడు పెద్దాఫీసరు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఎలియాజరు పని. సరంగు పని పోయింది. కొన్నాళ్లకి ఆ పని బెన్‌హర్‌కే ఇచ్చారు. ఇప్పుడు టగ్గు మీద డ్రిల్లులు చేయించేది వాడేనట. వినడానికి సిగ్గేస్తుంది గానీ లోకం సిగ్గుపడుతుందా?

ఉండబట్టలేక ఎలియాజరు ఒకరోజు బస్సెక్కి చీడికాడ వెళ్లాడు, సత్తియ్య ఇంటికి. సత్తియ్య భార్య అప్పలకొండమ్మ అరుగు మీద వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. అతన్ని చూసి తిట్టలేదు. పీట జరిపింది.

"నాను పిలిసేనమ్మా. మీ ఆయన పేరు పిలిసేకే తిప్పేను."

"పిలిత్తే పలికేవోడే బాబూ" అంది ఆవిడ, చేతిలో కాయ చేతిలోనే పెట్టుకుని. "ఎంత నిద్దట్లో ఉన్నా పేరెట్టి పిలిత్తే లేసి కూకునేవోడు."

ఎలియాజరు మొత్తం చెప్పాడు. ఎవరు పలికారో కూడా చెప్పాడు. ఆవిడ శ్రద్ధగానే వింది.

"ఆ బాబు మొన్నొచ్చేడు. మా బావని సెమించమ్మా అని నా కాళ్ల మీద పడి ఏడిసేడు. మీ ఇంటోడు కాదేటి? ఆడి మీదెందుకు సెప్తన్నావు?"

తన తరఫున క్షమాపణ కూడా వాడే చెప్పేశాడన్నమాట. ఎలియాజరు లేచి వచ్చేశాడు. బస్సులో సీటున్నా కూర్చోలేదు.

అనకాపల్లిలో మాట అప్పటికే పాకిపోయింది. పేరు పిలవని సరంగు అన్నారు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు "మన సహోదరుడి కోసం" అని మొదలుపెడితే తబితా లేచి నిలబడి పెద్దగా ప్రార్థించింది.

"ప్రభువా, మా అన్నయ్య తెలీక సేసిన తప్పు సెమించయ్యా. సత్తియ్య పేనం లెక్క మా అన్నయ్యని అడక్కయ్యా" అని వెక్కివెక్కి ఏడ్చింది. చుట్టూ ఆడవాళ్లంతా కళ్లొత్తుకున్నారు. ఎలియాజరుకి ఆ మాటలు ముల్లులా గుచ్చుకున్నాయి. అయినా పాపం, అది మొగుడి మాట నమ్మింది, వేరే ఏం చేస్తుంది అనుకున్నాడు. నిజం తెలియనిదాని మీద కోపమేమిటి? ఎప్పుడో ఓ రోజు దానికి తెలుస్తుంది. అప్పుడు తన పక్కకొచ్చి నిలబడుతుంది. ఆ ఒక్క ఆశ మీద ఎలియాజరు రెండేళ్లు నెట్టుకొచ్చాడు. మార్కెట్లో తండ్రి మోసిన దిమ్మలే తనూ మోశాడు. ఎవర్నీ గట్టిగా పిలవలేదు.

రెండువేల ఎనిమిది చివర్లో ఒక మధ్యాహ్నం తబితా వచ్చింది. పిల్లాడికి జబ్బు చేసి తగ్గిందట. మనిషి సగమైపోయింది. గుమ్మంలోనే కూలబడింది.

"ఆయన్ని శపించీకన్నయ్యా. నీ ఉసురే మాకు తగుల్తందని నిద్దరోటం లేదాయన."

"నానెందుకు శపిత్తానే? ఆడు సేసింది ఆడికి తెలుసు."

"తెలుసన్నయ్యా. ఆవేళే ఇంటికొచ్చి నా ఒళ్లో తలెట్టుకుని సెప్పేడు. అన్నం కూడా తిన్లేదు."

"ఏవేళ?"

"సత్తియ్య పోయినవేళే."

అన్నాక గానీ తను ఏమన్నదో తబితాకి తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎలియాజరు చెవుల్లో చర్చిలో విన్న ఏడుపంతా మళ్లీ మోగింది. అన్నీ తెలిసే ఏడ్చింది. అన్నీ తెలిసే ఊరందరి ముందూ అతని తప్పు క్షమించమంది. బెన్‌హర్ చేసింది దీని ముందు ఏపాటి?

"మరి సర్చిలో అలాగ ఎందుకన్నావే?"

"ఏటి సెయ్యమంటావన్నయ్యా?" ఆమె ఒక్కసారిగా ఏడుస్తూ గొంతు పెంచింది. "ఆయన పోతే నా పిల్లలేటవుతారు? నాకు ఆయనున్నాడు, పిల్లలున్నారు. నీకెవరున్నారు సెప్పు?"

"నువ్వున్నావనుకున్నానమ్మా" అన్నాడు ఎలియాజరు.