గోడమీది వెర్నెలక్కకు టోపీ

ఆదివారం పొద్దున మా డెబ్బై తొమ్మిదో వీధిలో బస్సు నడపడం అందరికీ చేతనయ్యే పని కాదు. చర్చికి వెళ్లే ఆడవాళ్లు ఎక్కుతారు, వాళ్లతోపాటు వాళ్ల టోపీలూ ఎక్కుతాయి. టోపీకి టోపీ తగలకుండా, ఈక వంగకుండా, బ్రేకు వేసిన సంగతే తెలియకుండా ఆపాలి. ముప్పై నాలుగేళ్లు అలాగే ఆపాను. మిసిసిపీలో ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతితో చదువు ఆపినవాణ్ని. అయినా చికాగో నగరంలో నా బస్సులో నలిగిన టోపీ ఒక్కటి చూపించమనండి. చర్చిలో పెద్దరికం చేసే డీకన్ని నేనే, పాటల బృందం క్వయర్‌లో మంద్రస్వరమూ నాదే. టోపీల గురించి మాట్లాడే అర్హత నాకుందని ఇదంతా చెబుతున్నాను.

ఆ టోపీల్లో సగానికి పైగా కుట్టింది వెర్నెల్ టాలివర్. వయసులో నాకంటే చిన్నదే అయినా చర్చిలో అందరికీ వెర్నెలక్కే. వీధి మూల మీద ఆమె కొట్టు. ఏ టోపీ కావాలో అక్కడ కొనేవాళ్లు చెప్పరు, ఆమె చెబుతుంది. ఆకుపచ్చ అడిగినామెను పైనుంచి కిందికి చూసి, ఆకుపచ్చ పెడితే క్యాబేజీ అనుకుంటారని ఊదారంగుది చేతిలో పెట్టేది. ఆమె మాటకు ఏడ్చినవాళ్లున్నారు గాని, ఆమె టోపీ తిరిగి ఇచ్చినవాళ్లు లేరు.

మా ఆడవాళ్లలో ఒక కట్టడి ఉంది. ఒకామె టోపీని ఇంకొకరు ముట్టుకోకూడదు. వెర్నెలక్క దాన్ని పోలీసులకంటే గట్టిగా అమలు చేసేది. ఒకసారి పాస్టరుగారు ప్రార్థన చేస్తూ ఆమె తలమీద చెయ్యి పెట్టబోతే, భుజంమీద పెట్టండి, దేవుడికి వినబడుతుంది అంది. ఆమె తల్లి వారమంతా పరాయి ఇళ్లలో నేలలు తుడిచిన మనిషి. ఆ ఆరు రోజులూ ఆమెను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. ఆదివారం టోపీ పెట్టుకుని వీధిలోకి వస్తే మాత్రం మిసెస్ టాలివర్ గారు. అందుకే ఆమె కూతురు వెర్నెలక్క జ్వరంతో ఆస్పత్రికి వెళ్లినా టోపీతోనే వెళ్లింది.

అలాంటి మనిషి బొమ్మ ఆమె కొట్టు పక్కగోడ మీద రెండంతస్తుల ఎత్తున వేస్తామని ఒక కళాసంఘం వచ్చింది. వాళ్ల తరఫున మాట్లాడింది జాస్లిన్ పెటిఫర్డ్. మన నల్లవాళ్ల పిల్లే. కాకపోతే శివార్లలో పెరిగి, రెండు విశ్వవిద్యాలయాల్లో మన గురించి చదువుకుంది. వెర్నెలక్క పొంగిపోయి సరేనంది. బొమ్మ ఎలా ఉంటుందని అడగలేదు. చక్రాలు లేకుండా బస్సు బొమ్మ ఎవరైనా వేస్తారా? మేమెవరమూ అడగలేదు.

వారాల తరబడి గోడకు గుడ్డ కట్టి పని చేశారు. ఆవిష్కరణ వారం ఉందనగా గుడ్డ ఎత్తి వెర్నెలక్కకు చూపించారు. మెడ దగ్గర తెగిన బానిస గొలుసు. టోపీ లేని తల. నెరిసిన జుట్టు నాలుగు దిక్కులా లేచి ఉంది, అందులోంచి పక్షులు ఎగురుతున్నాయి. వెర్నెలక్క తన టోపీ సర్దుకుని జాస్లిన్ వైపు తిరిగింది.

"తల్లీ, నా జుట్టు నా మొగుడే సరిగ్గా చూడలేదు. నువ్వు బస్సెక్కినోళ్లందరికీ చూపిస్తున్నావు," అంది.

"అది జుట్టు కాదమ్మా, స్వేచ్ఛ," అంది జాస్లిన్.

"స్వేచ్ఛకి దువ్వెన ఉండదా?"

టోపీ అనేది మన మీద మోపిన బరువని, దాన్ని దించడమే కళ అని ఆ పిల్ల ఓపిగ్గా వివరించింది. వెర్నెలక్క అంతకంటే ఓపిగ్గా విని, ఆ టోపీ లేని తల వీధికి కనబడితే కొట్టు మూసి పక్క ఊరు గేరీలో చెల్లెలింటికి పోతానంది. ఉత్త బెదిరింపు కాదని నాకు తెలుసు. అప్పటికే పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది.

కళాసంఘం వాళ్లు చర్చలకు పిలిచారు. కుర్చీలు గుండ్రంగా వేసి, ముందు అందరినీ గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. తర్వాత ఎవరి మనసులో ఏ రంగు ఉందో చెప్పమన్నారు. నాకు కోపం వస్తోందని, దాని రంగు తెలియదని చెప్పాను. నిజాయితీకి అభినందించారు. బొమ్మ మారిస్తే చిత్రకారుడి స్వేచ్ఛకు భంగమని తేల్చి, కాఫీ ఇచ్చి పంపించారు.

మర్నాడు వెర్నెలక్క టేపు పట్టుకుని నిచ్చెనెక్కింది. వచ్చిన ఏ మనిషికైనా కొలత తీసినట్టే గోడమీద తన తలకు కొలత తీసింది. మూతపడ్డ బేకరీ ముందు పందిరికి వేసిన ఇనుప చట్రం నేను సంపాదించాను. క్వయర్ వాళ్లం పాత ఊదారంగు అంగీలన్నీ తెచ్చి ఇచ్చాం. నేను మొదటిసారి ఒంటరిగా పాడిననాటి అంగీ కూడా అందులో ఉంది, అది కనబడే వైపే వెయ్యమన్నాను. రేకు కోసి ఈకలు చేశాం. శనివారం పట్టపగలు, గుడ్డ వెనకాల, టోపీని గోడకు బిగించాం.

ఆదివారం ఆరాధన అయ్యాక వీధంతా నిండింది. గుడ్డ జారింది. కాలిబాట మీదికి గొడుగులా చాచుకున్న అంచుతో, ఊదారంగు టోపీ. పక్షులు ఎటు పోయాయో కనబడలేదు. చర్చిలో ఆర్గన్ వాయించేవాడు ఎవరూ చెప్పకుండానే పాట అందుకున్నాడు, మేం గొంతు కలిపాం.

జాస్లిన్ పనివాళ్లను పిలిచి దాన్ని వెంటనే దించమంది. ఇద్దరూ ఈ వీధిలో పుట్టినవాళ్లే. పైకి చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు.

"ఆడవాళ్ల టోపీ మేం ముట్టుకోం మేడమ్," అన్నాడు పెద్దవాడు. "మా అమ్మ ఇక్కడే నిలబడి చూస్తోంది."

వాళ్లమ్మ నిజంగానే చూస్తోంది, టోపీ కింది నుంచి. మరో నలభై టోపీలు కూడా అటే తిరిగాయి. జాస్లిన్ మైకు అందుకుంది. ప్రజలు కళతో చెయ్యి కలపడానికే ఆ తలను కావాలని ఖాళీగా ఉంచామని, తమ ప్రణాళిక నేటికి ఫలించిందని చెప్పింది. చప్పట్లు బాగానే పడ్డాయి. చదువు వృథా పోదు.

వెర్నెలక్క మాత్రం ఆ మాటలేమీ వినలేదు. గోడమీద ఉన్నదాని లాంటిదే ఊదారంగు టోపీ పెట్టుకుని, వీధికి అవతల నిలబడి, ఒక కన్ను మూసి పైకి చూస్తోంది.

"ఎడమకి వాలింది డీకన్ గారూ," అంది. "ఎక్కి కాస్త కుడికి జరపండి."

"నేను ముట్టుకోవచ్చా అక్కా?"

"మీరు ముట్టుకోవచ్చు."

వీధంతా విన్నది. నిచ్చెనెక్కి, మర వదులు చేసి, రెండు వేళ్లతో కుడికి జరిపాను. ముప్పై నాలుగేళ్ల బస్సు, డీకన్ పదవి, మంద్రస్వరం, అన్నీ ఉన్నాయి. కాని వెర్నెల్ టాలివర్ తలమీదున్న టోపీని ముట్టుకున్న మనిషి చికాగోలో నేనొక్కణ్నే. గేరీకి సర్దిన పెట్టెలు వెర్నెలక్క ఆ సాయంత్రమే విప్పింది.