నీళ్ల కింది ఊరి రేవు

పుట్టిలో ఏనుగును దాటిస్తుంటే కళ్లారా చూసి లెక్క రాసుకున్నవాణ్ణి నేను. ఏనుగంటే మరీ ఏనుగు కాదు, దున్నపోతు. సరే, నిజం చెబుతాను, మేక. ఒకటే మేక.

రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, నదుల మీద జనమూ సరుకూ ఎంత దాటుతున్నాయో లెక్కగట్టే రోజుకూలీ పనికి కుదిరాను. మాది కోసిగి పక్క. బిందెడు నీళ్లకు పొద్దంతా నిలబడిన ఊరివాణ్ణి తీసుకుపోయి కృష్ణ ఒడ్డున, శ్రీశైలం డ్యాము నీళ్లు వెనక్కి తన్నినచోట కూర్చోబెట్టారు. అవతలి గట్టే కనిపించడం లేదని ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. కనిపించింది. గట్టు మీద గొడుగు పట్టుకున్న మనిషీ కనిపించాడు. కానీ అన్ని నీళ్లు ఒక్కచోట చూస్తే నోరెండిపోతుందని నాకప్పుడే తెలిసింది.

ఆ రేవులో పుట్టి నడిపేది అరవయ్యేళ్ల ఆడమనిషి. పుట్టంటే వెదురుబద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట, అడుగున తారు పూసిన పట్ట. దాంట్లో ముగ్గురు మనుషులు, రెండు మిరపకాయల మూటలు, ఆ మేక, నేను. తెడ్డు ఒక్కటే. దాటుతూ దాటుతూనే ఫోన్లో వివరాలు నింపేద్దామని నా తెలివి.

“ఏమ్మా, ఈ రేవు ఏ ఊరిది?”

ఆమె ఒక పేరు చెప్పింది. ఫోన్లో ఊళ్ల జాబితా ఉంటుంది, అందులోంచే ఏరుకోవాలి. ఎంత వెతికినా ఆ పేరు లేదు.

“లేదే. పక్కూరి పేరు పెట్టేస్తా.”

తెడ్డు ఆగింది.

“యాడ లేదప్పా? నీ కిందనే ఉండాది, చూడు.”

మేక మెడ పట్టుకుని కిందికి చూశాను. పచ్చటి నీళ్లు.

“డ్యాము కట్టినప్పుడు మునిగిపాయ. ఆ గుట్ట కొనా, ఈ గట్టు మీది బండా ఒక వరసకొస్తే మా వీధి. ఇప్పుడు మా ఇంటి మీదుండాం. ఎండాకాలం నీళ్లు తగ్గితే గోడలు బయటపడతాయి. శానా పెద్ద ఊరప్పా.”

మూటల మీద కూర్చున్నాయన చప్పుడు చేయకుండా చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇళ్ల మీదుగా చెప్పులతో పోకూడదంట. ఇంటికప్పుల పైన పోయేవి గద్దలే అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. మా అడుగున పొయ్యిలు, గడపలు, ఎద్దుల్ని కట్టే గాటిపాటలు.

“ఊరు లేదని జాబితాలోంచి తీసేసినట్టున్నారమ్మా.”

“ఊరు పాయ. పేరు ఈ రేవుకొక్కదానికే మిగిలింది. పక్కూరోళ్ల పేరు రాస్తే అదీ మునుగుతాది. మా ఊరి పేరు రాస్తావా, పుట్టిని గిరగిరా తిప్పేదా?”

నా జవాబు కోసం ఆగలేదు, తిప్పింది. నూరు చుట్లు తిరిగాం. మూడు. ఆ మూడింటికే గుట్టలన్నీ నా చుట్టూ పరుగెత్తాయి.

“రాసేయప్పా పెద్దాయనా, సంతకు పొద్దుపోతాండాది!” అన్నాడు మూటలాయన.

జాబితా అడుగున ‘ఇతరములు’ అని ఒక గడి ఉంది. అందులో ఆ పేరు ఒక్కో అక్షరమే కొట్టాను. చదివి వినిపించమంది. దీర్ఘం మింగేశానని మళ్లీ దిద్దించింది. అప్పుడుగానీ పుట్టి ముందుకు కదల్లేదు.

నడినీళ్లలో సిగ్నల్ లేదు. ఒడ్డున మూటలు దించుతుంటే ఫోన్ టింగుమంది.

“పోయిందా?”

“పోయింది.”

“యాడికి?”

“కర్నూలుకు. ఆడినుంచి ఢిల్లీకి.” ఢిల్లీ సంగతి నాకేం తెలుసు, నోటికొచ్చింది అనేశాను.

ఆమె నవ్వలేదు. నీళ్ల వైపు తిరిగి, కింద ఎవరో వింటున్నట్టు మెల్లగా చెప్పింది:

“ఢిల్లీకి పోయిందంట.”